రాజేశం స్వామి ఆపిన గోలీలు

మా వైపు మానసిక వైద్యం చేసేవాళ్లకు ఒక సుఖం ఉంది. పెళ్లిళ్లలో ఎవరూ పలకరించరు. హాయిగా కూర్చుని, వడ్డించినవన్నీ తిని, చేయి కడుక్కుని రావచ్చు. నా పక్కన కూర్చునే ఎముకల డాక్టర్‌కు ఆ అదృష్టం లేదు. పప్పు కలుపుకునేలోపే ఎవరో ఒకరు వచ్చి ప్యాంటు మడిచి మోకాలు చూపిస్తారు. నా మందులు వాడి బాగుపడ్డవాళ్లు అదే ఫంక్షన్ హాల్లో ఎంతోమంది ఉంటారు. నన్ను చూడగానే వాళ్లందరికీ సీలింగు ఫ్యాన్ల మీద ఎక్కడలేని ఆసక్తి పుడుతుంది.

కోరుట్లలో ఒక పెళ్లిలో ఒకావిడ తప్పించుకోలేక దొరికిపోయి, "మేడం నాకు టైలర్ కాడ దోస్తు" అని తన ఆడబిడ్డకు పరిచయం చేసింది. నేనూ తలూపాను. ఆ ఆడబిడ్డ నాతో జాకెట్ల డిజైన్ల గురించి చాలాసేపు మాట్లాడింది. నాకు తెలిసినంతలో బాగానే జవాబులిచ్చాను.

జగిత్యాలలో నా క్లినిక్. వారంలో ఒక రోజు కోరుట్ల, ఇంకో రోజు సిరిసిల్ల వెళ్లేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను. డిప్రెషన్ మీద, మెదడు మీద వస్తున్న కొత్త పరిశోధనలు చదివి ఈ పనిలోకి ఉత్సాహంగా వస్తున్న పిల్లలు ఫోన్లు చేసి సలహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. పదవులు, బదిలీలు, ఫైళ్ల సంగతి రాయను. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది.

బోర్డు మీద ఏం రాయాలి

మొదట నా బోర్డు మీద "మానసిక వైద్య నిపుణురాలు" అని రాయించాను. పెద్ద అక్షరాలు, ఎర్ర రంగు. ఆ ఎండాకాలమంతా నా క్లినిక్ మెట్లెక్కినవాళ్లు మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌లు, పక్క వీధి అడ్రసు అడిగినవాళ్లు మాత్రమే. మా బిల్డింగు ఓనరుకు జాలి కలిగింది. "మేడం, నరాలు అని ఒక్క ముక్క ఏయించుండ్రి. మావోళ్లకు నరాల బలహీనత ఉంటది గని పిచ్చి ఉండది" అన్నాడు.

వేయించాను. వారం తిరగకుండా బెంచీ నిండింది. ఇది మోసం కాదా అని హైదరాబాద్‌లో ఉన్న నా క్లాస్‌మేట్లు అడిగారు. నరాలన్నీ మెదడులోంచే కదా వస్తాయి, అబద్ధమేముంది అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. జబ్బు పేరు కోసం రోగితో కొట్లాడకండి. లోపలికి రానివ్వండి, పేరు తర్వాత చూసుకోవచ్చు.

నిన్న ఏం కూర?

నాకు పని నేర్పిన ప్రొఫెసర్ మహా కోపిష్టి. రోగి విచారంగా ఉన్నాడని కేస్ షీటులో రాస్తే, "విచారం నువ్వు చూశావా? ఏం చూశావో అది రాయి" అని షీటు వెనక్కి విసిరేవాడు. ఆయన మాత్రం రోగులను "మనసెట్లుంది" అని ఎప్పుడూ అడగలేదు. "నిన్న ఏం కూర తిన్నవ్?" అని అడిగేవాడు. దిగులులో మునిగినవాళ్లు "ఏదో తిన్న సార్" అంటారు. వాళ్లు తింటారు గానీ రుచి తెలియదు, పట్టదు. కొద్ది వారాల తర్వాత అదే మనిషి "వంకాయ సార్, ఉప్పు ఎక్కువైంది" అంటే ఆయన మొహం వెలిగిపోయేది. వంటను తిడుతున్నాడంటే మనిషి తిరిగొస్తున్నాడని ఆయన లెక్క.

ఆ ప్రశ్న నాకు ఆయనకంటే ఎక్కువ పనికొచ్చింది. మాది వెల్గటూర్ వైపు ఒకప్పటి దొరల ఇల్లు. భూములు, పెత్తనం ఎప్పుడో పోయాయి గానీ, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చే ముసలివాళ్లు నన్ను చూడగానే లేచి నిలబడి "దొరసాని" అంటారు. కూర్చోమంటే కూర్చోరు. ఎట్లున్నవ్ అంటే, ప్రాణం పోతున్నా "మీ దయ, మంచిగున్న" అంటారు. అది మర్యాద, జవాబు కాదు. అదే కూర సంగతి అడిగితే దొరసానికి కూడా నిజమే చెప్తారు.

ప్రొఫెసర్ దగ్గర నేను నేర్చుకోనిది ఒకటుంది. ఆయన రోగితో వచ్చినవాళ్లను బయటికి గెంటేసేవాడు. ఒంటరిగా మాట్లాడాల్సిన మాటలు ఉంటాయి, నిజమే. కానీ మా దగ్గర రోగి నోరు విప్పడు, వెంట వచ్చిన భార్యో తల్లో విప్పుతారు. వాళ్లను గెంటేస్తే మీ చేతిలో మిగిలేది బీపీ రీడింగు ఒక్కటే.

మేం చెప్పిన కథ

మేం చదువుకునే రోజుల్లో డిప్రెషన్ అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమని చెప్పేవాళ్లు. రోగులకు మేమూ అదే చెప్పాం. చెప్పడానికి సులువు, వినడానికి సులువు. సిరిసిల్లలో చెప్తే, "అంటే లో వోల్టేజే గద మేడం" అని వాళ్లే దాన్ని ఇంకా సులువు చేసేవాళ్లు.

సంగతి అంత సులువు కాదని తర్వాత తెలిసింది. గోలీ వేసుకున్న కొద్ది గంటల్లోనే ఆ రసాయనం మారుతుంది. మనిషి మారడానికి మాత్రం వారాలు పడుతుంది. మధ్యలో ఏం జరుగుతోంది? మెదడు కణాల మధ్య కొత్త అతుకులు పడుతున్నాయని కొందరు, దిగులును పదే పదే తిప్పే దారులు సద్దుమణుగుతున్నాయని కొందరు, ఒంట్లో లోలోపలి వాపుకూ (ఇన్‌ఫ్లమేషన్) దీనికీ సంబంధం ఉందని కొందరు అంటున్నారు. అన్నిట్లోనూ కొంత కొంత నిజం ఉన్నట్టే ఉంది. గోలీలు చాలామందికి పనిచేస్తాయి, కొందరికి చేయవు. ఎందుకు చేస్తాయో పూర్తిగా తెలియదని రోగికి చెప్పడానికి సిగ్గుపడకండి.

లో వోల్టేజి కథలో ఇంకో చిక్కుంది. వోల్టేజి సరిగ్గా వచ్చాక స్టెబిలైజర్ ఎందుకు, తీసేద్దాం అనిపిస్తుంది ఎవరికైనా. డిప్రెషన్ గోలీలతో జరిగేది సరిగ్గా ఇదే. బాగుపడ్డాక కూడా ఇంకొన్ని నెలలు వాడాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. ఈ మాట నేను చెప్పినన్ని సార్లు నా పేరు కూడా చెప్పుకుని ఉండను. చెప్పినంత మాత్రాన వినాలని ఏముంది? రాజేశం కథ దాని గురించే.

రాజేశం

రాజేశం ఊరు సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. సాంచాల మీద పని. సాంచాలంటే మరమగ్గాలే, సిరిసిల్లలో ఆ మాటే వాడతారు. ఆ షెడ్లలో చప్పుడు ఎంతుంటుందంటే, అక్కడ పనిచేసేవాళ్లు ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతారు. వాళ్లు నా గదిలో మాట్లాడితే బయట బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ కేసు తెలిసిపోతుంది. రాజేశం మొదటిసారి వచ్చినప్పుడు గుసగుసగా మాట్లాడాడు. సాంచాల కార్మికుడు గుసగుసలాడితే నాకు అనుమానం వస్తుంది.

పక్కన అతని భార్య పద్మ ఉంది. బీడీలు చేస్తుంది, గొంతు పెద్దది, దాపరికం లేదు. "పనికి పోతలేడు మేడం. పోయినా దారం తెగితే సూసుకుంట నిలవడుతుండు. అతుకుతలేడు. తింటలేడు. పిల్లల దిక్కు సూస్తలేడు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నిన్న ఏం కూర అని రాజేశాన్ని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "ఏదో మేడం" అన్నాడు.

గోలీలు రాసిచ్చాను. మొదటి కొన్ని రోజులకు నిద్ర కోసం ఒక చిన్న గోలీ కూడా ఇచ్చాను. నెలన్నర గడిచేసరికి అతని గొంతు తలుపు దాటి బెంచీ దాకా వినిపించసాగింది. "మంచిగున్న మేడం. పనికి పోతున్న" అన్నాడు. పద్మ చేసే టమాటా చారు మీద ఫిర్యాదు కూడా చేశాడు. ఆమె ఊరుకుంటుందా, అక్కడే తగులుకుంది. వాళ్లను విడదీసి, గోలీలు ఆపొద్దు, ఇంకా చాలా నెలలు వాడాలి అని గట్టిగా చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

మౌనస్వామి

ఎండలు ముదిరాయంటే మా వైపు రోడ్లన్నీ కాషాయం అవుతాయి. కొండగట్టు అంజన్న మాల, అంటే ఆంజనేయస్వామి దీక్ష మాల, వేసుకున్నవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తుంటారు. నలభై ఏళ్లు "ఏందే, ఓయ్" అని పిలిపించుకున్నవాడు కూడా దీక్షలో ఉన్నన్నాళ్లు అందరికీ స్వామి. వాళ్లకు ఆడవాళ్లందరూ మాతలు. ఆ రోజుల్లో నా క్లినిక్‌లో నేను డాక్టర్ మాతను.

అట్లాంటి ఒక రోజు సిరిసిల్లలో పద్మ తన తల్లిని తీసుకొచ్చింది. ముసలామెకు నిద్ర పట్టడం లేదట. ఆమెను చూసి మందు రాస్తూ, రాజేశం ఎట్లున్నాడని అడిగాను. ఈ మధ్య రావడం లేదు.

"మా ఆయిన స్వామి అయిండు మేడం. పానం బాగైతె మాల ఏస్తనని మొక్కిండు. ఏసిండు" అంది పద్మ. మొహం నిండా సంతోషం.

"గోలీలు ఏసుకుంటుండా?"

"దీక్షల మత్తు గోలీలు ఏసుకుంటరా మేడం? మాల ఏసిన నాడే బందు వెట్టిండు. ఇగ అంజన్ననే సూసుకుంటడు."

ఇవి మత్తు గోలీలు కావని చెప్పబోయి, ముందు మిగిలింది తెలుసుకుందామని ఊరుకున్నాను. తింటున్నాడా అని అడిగాను.

"ఒక్క పూటనే భిక్ష. అండ్ల సుత సగం ఇడిసిపెడుతుండు. మస్తు నిష్ఠ మేడం. పీఠంల అందరు గదే అంటుండ్రు."

"నిద్ర?"

"కింద చాప మీదనే. అందరికన్న ముందే లేసి చీకట్ల కూసుంటుండు. మిగిలిన స్వాములను లేపుడు గురుస్వామికి పెద్ద పని. ఈయినను లేపుడే అక్కెర లేదు."

"మాట్లాడుతుండా?"

"మౌనం మేడం. గల్లీల అందరు మౌనస్వామి అంటుండ్రు."

ప్రతి జవాబూ గర్వంగానే చెప్పింది. నేను మాత్రం మనసులో లెక్కేసుకుంటున్నాను. తిండి తగ్గడం, తెల్లవారకముందే మెలకువ రావడం, మాట పడిపోవడం, భార్యకు దూరంగా ఉండడం, గడ్డం, చీకట్లో ఒక్కడే కూర్చోవడం. డిప్రెషన్ గురించి మా పుస్తకాల్లో ఏముందో, దీక్ష నియమాల్లోనూ కొంచెం అటూ ఇటూగా అదే ఉంది. జబ్బు తిరగబెట్టిన మనిషి కాషాయం కట్టుకుని అందరి మధ్యలో తిరుగుతుంటే, ఊరంతా అతనికి దండం పెడుతోంది. ఇంకెక్కడైనా అయితే ఇంట్లోవాళ్లు ఎప్పుడో భయపడి తీసుకొచ్చేవాళ్లు. ఇక్కడ ఎంత ముదిరితే అంత పేరు.

భక్తిని, జబ్బును విడదీసే ప్రశ్న కోసం వెతికాను. "పద్మా, భజనల పాడుతుండా?" అన్నాను.

"పాడుతలేడు" అంది. "మూలకు కూసుంటుండు. అందరు చప్పట్లు కొడుతుంటె, ఈయిన చేతులు ఒళ్లె వెట్టుకుంటడు." తల్లి మొహం చూసింది. "ఎనకట భజనల కూసుంటె ఆపుమన్నా ఆపకపోతుండె మేడం."

గర్వం ఆమె మొహంలోంచి జారిపోవడం చూశాను. ఇవాళే తీసుకురమ్మన్నాను.

సాయంత్రం తీసుకొచ్చింది. కాషాయంలో సగానికి తగ్గిన మనిషి. మళ్లీ గుసగుస. నిన్న భిక్షలో ఏం కూర స్వామీ అంటే, ఏదో అన్నాడు. అప్పుడు సూటిగా అడిగాను. "సచ్చిపోవాలె అనిపిస్తుందా?"

పద్మ ఉలిక్కిపడి, "మాల మీదున్న స్వామిని గట్ల అడుగుతరా మేడం" అంది. కొత్తవాళ్లు కూడా ఇట్లాగే భయపడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని. అవ్వదు. అడగకపోతే ఆ మనిషి దాన్ని ఒంటరిగా మోస్తాడు. అడగండి, సిగ్గుపడకుండా మామూలు గొంతుతో అడగండి.

రాజేశం అవునని తలూపాడు. "అంజన్న నా మాల ఒప్పుకుంటలేడు మేడం. నా అసుంటోడు ఏసుకునే మాల కాదిది. మధ్యల తీస్తె పాపం. కొండకు పోయి ఇరమణ చేసేదాకనే నేను. గటెన్క నేనక్కెర లేదు" అన్నాడు.

కొండ మీద మాల విరమణ చేసే ఏ రోజు కోసం ఊరంతా సంబరంగా ఎదురుచూస్తోందో, ఆ రోజునే అతను తన ఆఖరి రోజుగా పెట్టుకున్నాడు. పద్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

గురుస్వామి

గోలీలు మళ్లీ మొదలుపెట్టినా పనిచేయడానికి వారాలు పడుతుంది. అంత సమయం లేదు. ఇట్లాంటప్పుడు తొందరగా లేవనెత్తేది కరెంటు వైద్యమే. మెదడుకు కొద్ది సెకన్ల పాటు కరెంటు ఇచ్చే ఆ పద్ధతికి పెద్దాసుపత్రి కావాలి, కరీంనగర్‌లో చేర్చాలి. అక్కడ మత్తు ఇచ్చే ముందు ఒంటి మీద ఉన్నవన్నీ తీసేస్తారు, మాలతో సహా. రాజేశం ససేమిరా అన్నాడు. మాల తీయనన్నాడు. పద్మ నా వైపు చూసి, "గురుస్వామి చెప్తెనే ఇంటడు మేడం" అంది.

ముగ్గురం నా కార్లో బయల్దేరాం. పీఠం అంటే సాంచాల షెడ్డు పక్కన వేసిన టెంటు. లోపల అంజన్న పటం, పూలు, చాపలు, వంట పొయ్యి. గురుస్వామి పేరు నర్సయ్య. నాలుగైదు సాంచాలున్న చిన్న ఓనరు, బొజ్జ ముందుకొచ్చిన పెద్దమనిషి. కాషాయం లుంగీ మడతలో సెల్‌ఫోన్ మోగుతూనే ఉంది. ఇట్లాంటి పెద్దమనుషులతో నాకు అనుభవం ఉంది. దేవుడి సంగతిలో డాక్టరుకు ఏం పని అంటాడని, దారంతా పెద్ద ఉపన్యాసం తయారు చేసుకున్నాను. మెదడు, రసాయనాలు, కరెంటు, అన్నీ.

నర్సయ్య మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. రాజేశం దిక్కు చూశాడు. రోజూ చూసే మనిషినే చాలాసేపు చూశాడు. తర్వాత రెండే ప్రశ్నలు వేశాడు.

"మాతా, గా గోలీలు మత్తుయా?"

"కాదు స్వామి. మొదట్ల నిద్రకు ఒకటిచ్చిన, గది ఎప్పుడో ఆపేసిన. ఇవి మత్తువి కావు."

"నేను షుగర్ గోలీలు ఏసుకుంటున్న. గది తప్పు కాకపాయె, మరి గిదెట్ల తప్పయితది? నన్నడిగితె చెప్పకపోదునా." పక్కనున్నవాళ్ల వైపు కోపంగా చూశాడు. "ఇయ్యాలనే తీసుకపోవాల్నా?"

"ఇయ్యాలనే స్వామి. మాల తీయకపోతే వైద్యం కాదు. ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కడు."

దీక్ష మధ్యలో మాల తీయడం ఎంత పెద్ద మాటో నాకూ తెలుసు. నర్సయ్య మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచాడు.

"స్వాములారా, ఇంట్ల ఎవలన్న సచ్చిపోతె మాల తీస్తం. గది నేమమే. సచ్చినంక తీసేది, సావకుండ ఉండనీకి తీస్తె అంజన్న వద్దంటడా?"

ఎవరూ వద్దనలేదు. నర్సయ్య రాజేశం ముందు నిలబడి, అందరి చేత రామనామం చెప్పించి, తన చేత్తోనే మాల తీసి పటానికి వేశాడు. "ఈడ వెట్టిన. పానం మంచిగ చేసుకో. పాపం ఏమన్న ఉంటె నాది, తీసింది నేను" అన్నాడు. రాజేశం అప్పుడు ఏడ్చాడు. అన్ని వారాల్లో అతని కళ్లలో నీళ్లు రావడం అదే మొదలని పద్మ చెప్పింది.

నా ఉపన్యాసంలో సగం ఎవరికీ అక్కర్లేకపోయింది. మతం మన పనికి అడ్డం వస్తుందని చదువుకున్నవాళ్లు తొందరపడి అనుకుంటారు. ఆ సాయంత్రం నా మాట రాజేశం వినలేదు, నర్సయ్య మాట విన్నాడు. ఎవరి మాట వింటాడో వాళ్ల దగ్గరికి వెళ్లడం కూడా వైద్యంలో భాగమే.

సింగిల్ ఫేజా, త్రీ ఫేజా

కరీంనగర్‌కు నర్సయ్య కూడా వచ్చాడు. కరెంటు వైద్యం గురించి సినిమాలు చూసి భయపడేవాళ్లు వేరే ఊళ్లలో ఉంటారు. సాంచాల దగ్గర షాకులు తిని పెరిగినవాళ్లకు భయం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. "సింగిల్ ఫేజా, త్రీ ఫేజా మాతా? ఎర్తింగు మంచిగుంటదా? మధ్యల కరెంటు పోతె?" అని అడిగాడు. మత్తు ఇచ్చే డాక్టర్ చిన్నవాడు, అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. ముందు నిద్ర సూది ఇస్తాం, కండరాలు వదులయ్యే మందు ఇస్తాం, కరెంటు కొద్ది సెకన్లే, లోపల మెదడులో మూర్ఛ లాంటిది వస్తుంది, మనిషికి తెలియదు, లేచాక తలనొప్పి ఉండొచ్చు, కొన్ని జ్ఞాపకాలు చెదిరిపోవచ్చు అని వివరించాడు. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు అంటే, "గది మాకు అలవాటే" అన్నాడు నర్సయ్య. అన్నీ విన్నాక రాజేశం తనే సరే అన్నాడు.

ఆ మూర్ఛ దిగులును ఎందుకు తీస్తుందో కూడా పూర్తిగా తెలియదు. కానీ ముదిరిన డిప్రెషన్‌లో అంత బాగా పనిచేసేది నేను ఇంకోటి చూడలేదు. వారం దాటాక నేను చూడటానికి వెళ్తే, రాజేశం మంచం మీద కూర్చుని గిన్నెలోకి చూస్తున్నాడు. "మేడం, గీ ఉప్మాల ఉప్పు లేదు, ఏం లేదు" అన్నాడు. వార్డు మొత్తానికీ వినపడింది. మా ప్రొఫెసర్ బతికి ఉంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

కొత్త యంత్రాలు

ఇప్పుడు నగరాల్లో అయస్కాంతం వైద్యం వచ్చింది. తల దగ్గర ఒక కాయిల్ పెట్టి, మెదడులో దిగులుకు సంబంధించిన చోటును అయస్కాంత తరంగాలతో తడతారు. మత్తు అక్కర్లేదు, జ్ఞాపకాలు పోవు. గోలీలు పనిచేయని చాలామందికి మేలు చేస్తోంది. అది మాయ కాదు, మోసమూ కాదు. కాకపోతే వారాల తరబడి దాదాపు రోజూ వెళ్లాలి. వెల్గటూర్ రైతుకు రోజూ బస్సెక్కి రమ్మని చెప్పేముందు పొలంలో నాట్లున్నాయా అని అడగండి. రాజేశంలా ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఇప్పటికీ పాత కరెంటే నా మొదటి మాట.

మెదడు లోపలికి సన్నటి తీగలు దింపి చేసేది డిప్రెషన్‌కు ఇంకా పరిశోధనలోనే ఉంది. స్కానింగులో దిగులు కనపడుతుందా అని అడుగుతారు జనం. వందల మందిని పోల్చి చూస్తే తేడాలు కనపడతాయి, మీ ముందు కూర్చున్న ఒక్క మనిషి స్కాను చూసి మాత్రం చెప్పలేం. ఇంకా కొన్నేళ్లకు చెప్తారేమో. చెప్పిన రోజు నేనూ సంతోషిస్తాను. అప్పటిదాకా ఎవరు గోలీ ఆపారో, ఎందుకు ఆపారో ఏ యంత్రమూ చెప్పదు.

రంజాన్ వస్తే ఉపవాసాలుండే నా రోగులకు తెల్లవారుజాము సహరి, సాయంత్రపు ఇఫ్తార్ వేళలకు గోలీలు మార్చి ఇవ్వడం నాకు మొదటి నుంచీ అలవాటు. వాళ్లే వచ్చి అడిగేవాళ్లు. మాల వేసేవాళ్లు అడగరు, ఆపేస్తారు. రాజేశం తర్వాత నుంచి ఎండాకాలం రాకముందే ప్రతి ఒక్కరినీ అడిగేదాన్ని, మాల వేస్తున్నావా అని. నర్సయ్య అయితే ఆ పై ఏడు తన పీఠంలో భిక్షకు ముందు "గోలీలున్న స్వాములు చేతులెత్తుండ్రి" అని అడిగాడట. బీపీ, షుగర్, నరాలు అన్నీ కలిపి సగం టెంటు చేతులెత్తిందని నాకు ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాడు. ఎవరికి ఏ గోలీయో ఎవరూ అడగలేదు.

ఇద్దరూ వచ్చిన రోజు

కరీంనగర్ నుంచి వచ్చిన రెండు నెలలకు రాజేశం, పద్మ సిరిసిల్లలో నన్ను చూడటానికి వచ్చారు. అతను కొత్త చొక్కా వేసుకున్నాడు. గోలీలు సరిగ్గానే వేసుకుంటున్నాడు. పనికి పోతున్నాడు. బెంచీ మీద అందరికీ వినపడేలా అన్నీ చెప్పాడు.

తర్వాత గొంతు తగ్గించాడు. "మేడం, నేను కొండకు పోయిన్నా?"

నేను పద్మ వైపు చూశాను.

"గా దినాలు యాదికి లెవ్వు మేడం. మాల ఏసుకుంది కొద్దిగ యాదికుంది. గటెన్క అంత మబ్బు. ఎవలన్న దీక్ష ఎట్ల చేసినవంటె ఏం చెప్పాలె?"

కరెంటు వైద్యంలో ఇట్లా జరుగుతుందని, ఆ రోజుల చుట్టూ ఉన్న జ్ఞాపకాలు కొన్ని తిరిగి రాకపోవచ్చని చెప్పాను. అతను అర్థమైనట్టు తలూపాడు గానీ, పోగొట్టుకున్నవాడి మొహమే పెట్టాడు.

"పోలే నువ్వు" అంది పద్మ. "గురుస్వామి నీ మాల తీసుకపోయి కొండ మీద అప్పజెప్పిండు. మొక్కు తీరినట్టే అన్నడు."

తర్వాత నాతో చెప్తున్నట్టు, అతన్ని చూడకుండా అంది. "ఈయినకు యాదికి లేకపోవుడే మంచిగైంది మేడం. నాకు అన్ని యాదికున్నయ్. దినాం పొద్దుగాల లేసి ఈయిన కాళ్లు మొక్కిన. స్వామి అని వంగి మొక్కిన. మనిషి అటే పోతుండు, నేను ఈడ కాళ్లు మొక్కుకుంట కూసున్న. ఒక్కనాడన్న తల లేపి మొఖం సూడకపోతి."

పద్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతుల్లో సంచి నలుపుతూ కూర్చుంది. ఆ తప్పు నీది కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాకంటే ముందు రాజేశమే కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"గిప్పుడు సూడు మరి" అన్నాడు.

ఆమె తల ఎత్తి చూసింది. నేను కూడా ఉన్నానన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. చాలాసేపు చూసింది.

"గడ్డం సక్కగ గీక్కోలే" అంది.

రాజేశం చెంప తడుముకున్నాడు. ఇద్దరూ లేచి, చెప్పులేసుకుని, ఎక్కడ గీక్కోలేదో వాదించుకుంటూ మెట్లు దిగారు. తర్వాతి మనిషిని పంపమంటారా అని నర్సు రెండుసార్లు అడిగింది. ఒక్క నిమిషం ఆగమన్నాను.